పార్సిల్ చార్జీల మోత: కొలతల్లో కొంత ఉపశమనం ఉంది

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఇంటి దగ్గర నుంచే వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్డర్లు తీసుకుని మంగళగిరి చీరలు, గుంటూరు కారం, ఆవకాయ, కొండపల్లి బొమ్మలు పంపే చిన్న వ్యాపారులకు ఈమధ్య పార్సిల్ ఖర్చు తడిసి మోపెడవుతోంది. ఆరు వందల చీరకు నూట యాభై రవాణా అంటే కొనేవాళ్లు వెనక్కి తగ్గుతున్నారు. ఆ నూట యాభై అమ్మేవాళ్లే భరిస్తే చేతికి మిగిలేది ఏమీ ఉండదు. రేట్లు పెరిగిన మాట వాస్తవం. అయితే బిల్లును వరుసగా చదువుతూ పోతే, తెలియక కడుతున్న డబ్బు కూడా గట్టిగానే కనిపిస్తుంది. పెట్టెలోని ఖాళీకి కట్టేది కొంత, శ్లాబు (అర కిలో, కిలో, కిలోన్నర అంటూ బిల్లు మారే బరువు మెట్టు) కొసన పది గ్రాములు దాటినందుకు కట్టేది కొంత, తిరిగొచ్చిన పార్సిల్‌కు రెండోసారి కట్టేది మరికొంత. రేటు మన చేతిలో లేదు గానీ ఈ మూడూ చాలావరకు మన చేతిలోవే. వాటి సంగతి తోటి వ్యాపారులకు చెప్పాలని, ప్రభుత్వం చేయాల్సినవి ప్రభుత్వం దృష్టికి తేవాలని ఈ ఉత్తరం.

ముందు తపాలా రేట్లు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. అక్టోబర్ 1 నుంచి స్పీడ్ పోస్టు డాక్యుమెంట్ రేట్లు మార్చారు. 2012 తర్వాత మార్చడం అదే. 50 గ్రాముల లోపు కవరు ఊరు దాటి వెళ్లాలంటే అంతకుముందు 35 రూపాయలు, ఇప్పుడు 47. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిస్తే 41.30 కాస్తా 55.46 అయింది. అర కిలో దగ్గర చూస్తే పెంపు ఎవరి మీద పడిందో తెలుస్తుంది. 200 కిలోమీటర్ల లోపు 50 ఉన్నది 70 అయింది. 1000 నుంచి 2000 కిలోమీటర్ల మధ్య 80 ఉన్నది 86 అయింది. అంటే ఢిల్లీకి పంపితే ఆరు రూపాయలు, ఏలూరుకో ఒంగోలుకో పంపితే ఇరవై రూపాయలు పెరిగింది. దగ్గరి ఊళ్లకు పంపేవాళ్లకే ఎక్కువ తగిలింది.

ఇక్కడ చాలామంది పొరపడుతున్న విషయం ఒకటుంది. పత్రికల్లో, ఫోన్లలో తిరిగిన ఆ పట్టిక డాక్యుమెంట్లది. వస్తువును పార్సిల్‌గా బుక్ చేస్తే లెక్క వేరు, అక్కడ బరువుతో పాటు పొడవు, వెడల్పు, ఎత్తు కూడా చూస్తారు. ఆ పట్టిక చూసి కొనేవాళ్లకు రవాణా ఖర్చు చెప్పేసి, తీరా కౌంటర్ దగ్గర నాలిక కరుచుకోవడం ఎందుకు? తపాలా శాఖ వెబ్‌సైట్‌లో లెక్కకట్టే సదుపాయం ఉంది. పార్సిల్ అని ఎంచుకుని, రెండు పిన్‌కోడ్‌లు, బరువు, మూడు కొలతలు ఇచ్చి, వచ్చిన మొత్తంలో జీఎస్టీ కలిసిందో లేదో చూసుకుని, ఆ తర్వాతే ధర చెప్పాలి.

ఇక కొలతలు. అసలు డబ్బు పోయేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే ఘనపరిమాణ బరువు కిలోల్లో వస్తుంది. కాటా మీది బరువు, ఈ బరువు రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు వేస్తారు. కొన్ని కొరియర్లు రోడ్డు మార్గంలో పంపే సరుకుకు 5000 బదులు 4500తోనో 4000తోనో భాగిస్తాయి, అప్పుడు బరువు ఇంకా పెరుగుతుంది. ఒప్పందం కాగితంలో ఆ అంకె ఎంతో ముందుగా చూసుకోవాలి. గుర్తు పెట్టుకోవడానికి తేలిక మార్గం: కిలోకు అయిదు లీటర్ల జాగా. సరుకు, ప్యాకింగ్ కలిపి కిలో ఉన్నప్పుడు పెట్టె అయిదు లీటర్లకు మించితే మించినదంతా గాలికి కట్టే డబ్బే.

పెట్టెలు కొనేటప్పుడు జరిగే నష్టం చూడండి. అట్టపెట్టెలు చేసేవాళ్లు చెప్పేది లోపలి కొలత. కొరియర్ వాళ్లు కొలిచేది బయటి కొలత. కిలో శ్లాబుకు సరిగ్గా సరిపోతుందని 25×20×10 పెట్టె చేయించారనుకుందాం. లోపలి కొలత ప్రకారం 5000, అంటే కచ్చితంగా కిలో. మూడు పొరల అట్ట గోడ సుమారు 3 మిల్లీమీటర్లు. రెండు పక్కలా కలిపి పొడవు 25.6, వెడల్పు 20.6 అవుతుంది. పైనా కిందా రెక్కలు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి ఎత్తు 11.2 అవుతుంది. గుణిస్తే 5,906, అంటే 1.18 కిలోలు. అప్పటికే శ్లాబు దాటింది. కొన్ని సంస్థలు ప్రతి కొలతనూ పై సెంటీమీటర్‌కు సవరిస్తాయి. 26×21×12 అంటే 6,552, అంటే 1.31 కిలోలు. కాటా మీద 900 గ్రాములున్న పార్సిల్‌కు కిలోన్నర బిల్లు పడుతుంది. అందుకని పెట్టె చేయించేటప్పుడు "బయటి కొలత ఇంత మించకూడదు" అని చెప్పి, ఒక నమూనా పెట్టె తెప్పించుకుని, అంటించి, టేపు పట్టి చూశాకే మిగతావి చేయించాలి. కిలో శ్లాబుకు బయటి కొలత 24×20×10 దగ్గర ఆగితే 0.96 వస్తుంది. కొంచెం ఉబ్బినా భయం లేదు.

ఉబ్బు అనేది చిన్న విషయం కాదు. నిండా కుక్కిన పెట్టెకు పై మూత గుమ్మటంలా లేస్తుంది. కొలిచేది ఆ ఎత్తయిన చోటే. కొరియర్ కవర్లదీ అదే తీరు. పెద్ద కవరులో చిన్న సరుకు పెట్టి మిగతాది ఖాళీగా వదిలేస్తే కవరు పొడవు మొత్తం లెక్కలోకి వస్తుంది.

మంగళగిరి నూలు చీరే తీసుకోండి. జాకెట్ ముక్కతో కలిపి చాలా చీరలు అర కిలోకు కొంచెం అటూ ఇటుగా తూగుతాయి. జరీ అంచు పెద్దదైతే అర కిలో దాటుతుంది. 28×23 మడత, మూడున్నర సెంటీమీటర్ల మందం అయితే 0.45 కిలో. అదే చీరను 35×25 కవరులో వదులుగా వేసి నాలుగు సెంటీమీటర్ల మందానికి వచ్చేలా చేస్తే 0.70 కిలో, వెంటనే కిలో శ్లాబు. చీర చుట్టూ పెట్టే బహుమతి అట్టపెట్టె ఒక్కటే వంద గ్రాముల పైన ఉంటుంది. 440 గ్రాముల చీరకు పల్చటి ప్లాస్టిక్ సంచి, పైన కొరియర్ కవరు వేస్తే 470 లోపు ముగుస్తుంది. అట్టపెట్టె చేర్చితే 550 దాటి శ్లాబు మారుతుంది. పెళ్లికి బహుమతిగా అడిగినవాళ్లకు మాత్రమే ఆ పెట్టె పెట్టి, దాని రవాణా తేడా విడిగా చెప్పడం మంచిది. తానుగానే 510 గ్రాములు తూగే చీర అయితే దాన్ని ఒంటరిగా పంపకుండా రెండో చీరతో కలిపి కిలో శ్లాబు నింపేలా ధర పెట్టాలి. ఇందుకు వంటింటి కాటా చాలు. ఒక గ్రాము దాకా చూపించేది అయితే మేలు. సరుకు ఫోటోతో పాటు దాని ప్యాకింగ్ బరువు కూడా రాసిపెట్టుకుంటే ఆర్డర్ వచ్చినప్పుడు లెక్క క్షణాల్లో తేలుతుంది.

పచ్చళ్ల దగ్గర లెక్క తిరగబడుతుంది. పచ్చడి బరువైనది, జాగా తక్కువ, కాబట్టి అసలు బరువే నడుస్తుంది. ఇక్కడ నష్టం అర కిలో సీసాలో ఉంది. 500 గ్రాముల ఆవకాయకు ప్లాస్టిక్ డబ్బా 40, బబుల్ షీటు 20, అట్టపెట్టె 90 కలిపి 650 గ్రాములు. బిల్లు మాత్రం కిలోకు. గాజు సీసా అయితే ఖాళీ సీసా బరువే పావు కిలో దాటుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో కిలో పచ్చడి పంపినా మొత్తం 1.2 కిలోలై కిలోన్నర శ్లాబులో పడుతుంది. అదే పావు కిలో పౌచ్‌లు మూడు, అంటే ఆవకాయ, గోంగూర, పండుమిర్చి ఒక జట్టుగా కడితే 750 గ్రాముల పచ్చడి, పౌచ్‌లు 30, పెట్టె 110, బబుల్ షీటు 30, మొత్తం 920. కిలో శ్లాబు నిండుతుంది, పైన 80 గ్రాముల వెసులుబాటు ఉంటుంది. అదే రవాణా ఖర్చుకు సగం ఎక్కువ సరుకు వెళుతుంది. కొనేవాళ్లకు కూడా మూడు రుచులు.

పౌచ్ లీకైతే మాత్రం ఆ ఆదా అంతా నూనెలో కొట్టుకుపోతుంది. లీకు మూడు కారణాల వల్ల వస్తుంది. ఒకటి, అతుకు వేసే చోట నూనె అంటడం. నూనె తడి ఉన్న ప్లాస్టిక్ వేడికి అతుక్కున్నట్టు కనిపిస్తుంది గానీ లారీ కుదుపులకు విడిపోతుంది. గరాటుతో నింపి, నోటి లోపలి అంచులు పొడి గుడ్డతో తుడిచి, కనీసం సెంటీమీటరు వెడల్పు అతుకు వేయాలి, కుదిరితే దాని పైన ఇంకొకటి. రెండు, నిండుగా నింపడం. పదో వంతు ఖాళీ ఉండాలి. ఎండాకాలంలో కొరియర్ వ్యాను లోపలి వేడికి పచ్చడి వ్యాకోచిస్తుంది. మూడు, కొత్తావకాయ పంపే తొందర. కలిపిన వెంటనే ప్యాక్ చేస్తే ముక్క నుంచి నీరు ఊరుతుంది, లోపల గాలి పుట్టి పౌచ్ ఉబ్బుతుంది. మూడో రోజు తిరగకలిపి, ఊట తేలి, ఉప్పూ కారం సర్దుకున్నాక నింపిన పచ్చడే దారిలో నిలుస్తుంది. మే నెలలో ఆర్డర్లు ముంచుకొచ్చినా ఈ వ్యవధి తగ్గించకూడదు. డబ్బాల్లో పంపేవాళ్లు మూత కింద అల్యూమినియం రేకు సీలు వేయించాలి. డబ్బా అంచు మీద నూనె ఉంటే ఆ సీలూ పట్టదు. నింపినదాన్ని ఒక రాత్రి కాగితం మీద తలకిందులుగా ఉంచితే, మరక పడినది పొద్దున్నే దొరికిపోతుంది.

ఎండుమిర్చికి ఘనపరిమాణమే శత్రువు. కిలో ఎండు కాయ అయిదు లీటర్ల డబ్బాలో పట్టదు. నొక్కితే పగిలి గింజ రాలుతుంది. తొడిమ తీసి పంపితే కొంత జాగా కలిసొస్తుంది. దూరపు ఆర్డర్లకు కారం పట్టించి పంపడమే లాభం. వడియాలు, అప్పడాలదీ అదే బాధ. వాటిని ఎప్పుడూ పచ్చడితో జోడించి పంపాలి. తేలికది, బరువుది కలిస్తే రెండు లెక్కలూ దగ్గర పడతాయి.

అందరికంటే ఎక్కువ దెబ్బ తింటున్నది కొండపల్లి బొమ్మలు అమ్మేవాళ్లు. తెల్ల పొణికి చెక్క చాలా తేలిక. ప్యాకింగ్‌తో కలిపి 700 గ్రాములు తూగే అంబారీ ఏనుగుకు 30×25×20 పెట్టె కావాలి. 15,000ను 5000తో భాగిస్తే మూడు కిలోలు. ఉన్న బరువుకు నాలుగింతల బిల్లు. ముక్కలను చింతగింజల మక్కుతో అతికి రంగు వేస్తారు కాబట్టి ఆ అతుకుల దగ్గరే విరుగుతుంది. విరుగుతుందన్న భయంతో చుట్టూ ఇంకా మెత్త పెడతారు, పెట్టె ఇంకా పెరుగుతుంది. దీనికి దారి ప్యాకింగ్‌లో లేదు, బొమ్మ తయారీలో ఉంది. అంబారీ, గొడుగు, బండి చక్రాలు విడిగా వచ్చి సీల మీద దిగేలా చేయించుకుంటే 30×20×10 పెట్టెలో సర్దవచ్చు. అప్పుడు 1.2 కిలోలు, బిల్లు కిలోన్నరకు. ఒక్క బొమ్మ మీద కిలోన్నర బిల్లు తగ్గుతుంది, అతుకు విరిగే భయమూ పోతుంది. ఆన్‌లైన్‌కు పంపే బొమ్మల వరకైనా ఇలా చేయమని కళాకారులను అడిగి, ఆ అదనపు పనికి కూలి కట్టి ఇవ్వాలి. రవాణాలో మిగిలే డబ్బు ముందు చేరాల్సింది వాళ్ల చేతికే.

కొలతల మీద తగాదాలు తరచూ వస్తాయి. పికప్ అప్పుడు కిలో అని తీసుకున్న పార్సిల్‌కు హబ్‌లో (కొరియర్ వాళ్ల సరుకు కేంద్రంలో) యంత్రం మీద కొలిచి కిలోన్నర అని, మనం ముందుగా డబ్బు వేసి ఉంచిన వాలెట్ నుంచి కోసేస్తారు. అభ్యంతరం చెప్పడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే. అప్పటికి చేతిలో రుజువు లేకపోతే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే. ప్రతి పార్సిల్‌కు నాలుగు ఫోటోలు తీసి పెట్టుకోవాలి: లేబుల్ కనిపించేలా కాటా మీద ఒకటి, మూడు వైపులా టేపు అంకె కనిపించేలా మూడు. ట్రాకింగ్ నంబరు పేరుతో దాచుకోవాలి. ఒకే కొలత పెట్టెలు రెండు మూడు రకాలకే పరిమితమైతే, ప్రతిసారీ అదే పెట్టె అని చూపించడం కూడా తేలిక. కోసిన వివరాలు వారం వారం చూడాలి. ఇంధన సర్‌చార్జి శాతం కూడా అప్పుడే గమనించాలి, అది చెప్పకుండానే మారుతుంటుంది.

తిరిగొచ్చే పార్సిళ్ల లెక్క చాలామంది వేసుకోరు. వెళ్లడానికి 80, రావడానికి 80 అనుకుందాం. పదిలో ఒకటి తిరిగొస్తే మొత్తం 880, చేరినవి తొమ్మిది. ఒక్కోదానికి దాదాపు 98 రూపాయలు పడింది. మూడు తిరిగొస్తే 1,040ని ఏడింటికి పంచాలి, దాదాపు 149. ఏ రేట్ల పెంపూ ఇంత భారం మోపలేదు. డెలివరీ అప్పుడు డబ్బు కట్టే ఆర్డర్లలోనే వాపసులు ఎక్కువ. అవి పూర్తిగా మానేయలేకపోతే, కనీసం రవాణా మొత్తమైనా ముందుగా యూపీఐలో తీసుకోవాలి. ఎనభై రూపాయలు కట్టినవాళ్లు తలుపు దగ్గర వద్దనడం అరుదు.

చిరునామా కూడా జాగ్రత్తగా తీసుకోవాలి. మన ఊళ్లలో డోర్ నంబర్లు గీతల మధ్య మూడు అంకెలుగా ఉంటాయి. ఒక్క అంకె తప్పితే వేరే వార్డుకు పోతుంది. డోర్ నంబరు, అపార్ట్‌మెంట్ పేరు, అంతస్తు, దగ్గరి గుడో బడో, పిన్‌కోడ్, రెండో ఫోన్ నంబరు విడివిడిగా అడిగి, పంపే ముందు ఆ చిరునామాను తిరిగి వాళ్లకే పెట్టి "సరే" అనిపించుకోవాలి. సంక్రాంతి ముందు వారం హైదరాబాద్ చిరునామాలకు పంపకపోవడమే మంచిది. సగం ఇళ్లకు తాళాలు ఉంటాయి. పండక్కి ఏ ఊరు వెళుతున్నారో అడిగి అక్కడికే పంపితే ఇంకా మేలు.

దగ్గరి ఊళ్లకు, ఒకే చోట నలుగురైదుగురు కొనేవాళ్లుంటే ఆర్టీసీ కార్గో చూడాలి. విజయవాడ నెహ్రూ బస్టాండు నుంచో గుంటూరు బస్టాండు నుంచో పది కిలోల పెట్టె ఒకటి వేస్తే, విడివిడిగా పది పార్సిళ్లు పంపడం కంటే బాగా తక్కువవుతుంది. అవతల బస్టాండుకు ఎవరో ఒకరు వచ్చి తీసుకోవాలి. ఆ శ్రమకు వాళ్లకు పావు కిలో కారప్పొడి ఉచితంగా ఇచ్చినా గిట్టుబాటే.

పుస్తకాలు అమ్మేవాళ్లకు ఒక మాట. 2024 డిసెంబర్‌లో రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఎత్తేయడంతో విజయవాడ ప్రచురణకర్తలు ఇబ్బంది పడ్డారు. 2025 మే 1 నుంచి పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ అనే తపాలా సేవ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, అయిదు కిలోల దాకా 100, పన్నులు అదనం, ట్రాకింగ్ ఉంటుంది. రోడ్డు, రైలు మార్గంలో వెళుతుంది కాబట్టి ఆలస్యం అవుతుందని కొనేవాళ్లకు ముందే చెప్పాలి. పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. వ్యాపార ప్రకటనలున్న ప్రచురణలను తీసుకోరు.

ఇక ప్రభుత్వానికి, తపాలా శాఖకు మా విన్నపాలు.

2022 జూలై 18 నుంచి పోస్టుకార్డులు, ఇన్‌లాండ్ లెటర్లు, బుక్ పోస్టు, 10 గ్రాముల లోపు మామూలు ఉత్తరాలు తప్ప తపాలా సేవలన్నిటి మీదా జీఎస్టీ పడుతోంది. రెగ్యులర్ జీఎస్టీ నమోదు ఉన్న పెద్ద వ్యాపారులు ఆ 18 శాతాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాము కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుని, వెనక్కి తీసుకుంటారు. నమోదు అవసరం లేని చిన్న అమ్మకందార్లకు, అమ్మకాల మీద చిన్న శాతం పన్ను కట్టే కాంపొజిషన్ పథకంలో ఉన్నవాళ్లకు ఆ దారి లేదు. అంటే ఒకే పార్సిల్‌కు పెద్దవాళ్ల కంటే చిన్నవాళ్లే ఎక్కువ కడుతున్నారు. రెండు కిలోల లోపు తపాలా పార్సిళ్ల మీద పన్ను తగ్గించాలని మన రాష్ట్ర ఆర్థిక మంత్రి జీఎస్టీ కౌన్సిల్‌లో అడగాలి.

తపాలా శాఖ తన పార్సిల్ ధరల్లో అర కిలోకు, కిలోకు మధ్య 750 గ్రాముల శ్లాబు ఒకటి పెట్టాలి. చేనేత చీర, అర కిలో పచ్చడి రెండూ సరిగ్గా అక్కడే పడతాయి. బుకింగ్ రసీదు మీద తీసుకున్న కొలతలు, లెక్కకట్టిన బరువు రెండూ అచ్చు వేయాలి. నెలవారీ ఒప్పందంతో వచ్చే తగ్గింపులు ఒంటరి అమ్మకందార్లకు అందేవి కావు. పది మంది పార్సిళ్లు కలిస్తేనే ఆ స్థాయికి చేరతాయి. డ్వాక్రా సంఘాలు, చేనేత సహకార సంఘాలు తమ సభ్యులందరి పార్సిళ్లనూ ఒకే ఖాతా కింద బుక్ చేసుకునేలా విజయవాడ, గుంటూరు హెడ్ పోస్టాఫీసుల్లో ముందుగా మొదలుపెట్టి, రోజూ సాయంత్రం మంగళగిరి, కొండపల్లి నుంచి పికప్ ఏర్పాటు చేయాలని కోరుతున్నాం.

భవదీయులు,
ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో అమ్మే కొందరు చిన్న వ్యాపారులు,
విజయవాడ